కారని పైకప్పు కింద సత్తుగిన్నె

ప్లీడరు తలుపు తీసేసరికి గుమ్మంలో ఒక ఆడమనిషి నిలువునా తడిసి నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే రాదు, పొమ్మంటే పోదు. నేలంతా తడి చేస్తానేమోనని ఆమె భయం. ప్రాణం మీదికి వచ్చినా ఎదుటివాళ్ళ గచ్చు పాడవుతుందని ఆలోచించే మనుషులు కొందరుంటారు. ప్లీడరు తువ్వాలు తెచ్చి ఇచ్చి, బలవంతంగా కుర్చీలో కూర్చోబెట్టాడు.

ప్లీడరు అన్నది అతని పేరూ కాదు, పనీ కాదు. లా పరీక్ష రాసినప్పుడల్లా తప్పి, చివరికి సర్వేయరమ్మ దగ్గర సహాయకుడిగా చేరినందుకు జనం తగిలించిన బిరుదు. ఇక సర్వేయరమ్మ ఒకప్పుడు బీమా కంపెనీలో పనిచేసేది. కాలిపోయిన గోదాములో అడుగుపెట్టి, బూడిద చూసి, అక్కడ సరుకు నిజంగా ఉండేదో, కాగితాల మీదే ఉండేదో తేల్చేసేది. ఆ ఉద్యోగం మానేసి సొంతంగా అపరాధ పరిశోధన మొదలుపెట్టినా పాత పేరే నిలిచిపోయింది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషని ప్లీడరు ఊరంతా చెప్పుకు తిరుగుతాడు. అలా చెప్పొద్దని ఆమె తిడుతుంది, అతను మానడు.

వచ్చినావిడ దర్జీ. భర్త పోయాక కుట్టుమిషను మీదే బతుకుతోంది. ఒక్కతే కూతురు, ఊళ్ళో పేరున్న ప్రైవేటు బడిలో చదువుతోంది. వణుకు తగ్గాక ఆమె చెప్పిన సంగతి ఇది.

ఆ బడిలో దాతలిచ్చిన సొమ్ముతో నడిచే ఫీజు మాఫీ నిధి ఒకటుంది. తెలివి ఉండి ఫీజు కట్టే తాహతు లేని పిల్లల్ని ఏటా కొద్దిమందిని ఉచితంగా చదివిస్తారు. తాహతు లేదన్న మాట నిజమేనా అని తేల్చడానికి, రిటైరైన టీచరమ్మ ఒకావిడ దరఖాస్తు పెట్టిన ప్రతి ఇంటికీ స్వయంగా వెళ్ళి చూస్తుంది. గోడలు, పైకప్పు, పొయ్యి, పడక, అన్నిటికీ మార్కులుంటాయి. ఎంత లేకపోతే అంత ఎక్కువ మార్కులు. దేనికెన్ని మార్కులో మాత్రం బడి ఆఫీసులో వాళ్ళకు తప్ప బయటివాళ్ళకు తెలియదు.

పోయినేడు టీచరమ్మ ఈ దర్జీ ఇల్లు చూసి వెళ్ళింది. మాఫీ రాలేదు. ఇంట్లో ఇబ్బందేమీ కనిపించలేదన్నారట. దర్జీ కడుపు మండి బడి వరండాలోనే టీచరమ్మను పట్టుకుని, నీ కళ్ళు పోను అని తిట్టింది. అది బడంతా విన్నది. తర్వాత మోటారు మిషను అమ్మి ఆ ఏడాది ఫీజు కట్టింది. ఇప్పుడు పాత తొక్కుడు మిషనే గతి. అమ్మడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి, ఈ ఏడు మాఫీ రాకపోతే పిల్ల పదో తరగతిలో అడుగుపెట్టకుండానే ఆ బడి మానెయ్యాలి.

నిన్న మధ్యాహ్నం, చెప్పాపెట్టకుండా టీచరమ్మ మళ్ళీ వచ్చింది. ఆమె గొడుగు గుడ్డ ఊచ దగ్గర ఊడి వేలాడుతుంటే, దర్జీ ఊరుకోలేక చేతికందిన దారంతో నాలుగు కుట్లు వేసి ఇచ్చింది. టీచరమ్మ ఈలోగా గదంతా కలయజూసి, పోయినేడు చూసిన మంచి కుర్చీలు, కిటికీకి కర్టెన్లు ఏమయ్యాయని అడిగింది.

"అవి మావి కావండీ, పక్కింటివాళ్ళవి అని చెప్పానమ్మా," అంది దర్జీ తలవంచుకుని. "పెద్దమనిషి మనింటికొస్తుంటే విరిగిన స్టూలు మీద కూర్చోమంటామా? అరువు తెచ్చి వేశాను. అంతే, ఆవిడ నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడిపోయింది. నీ పిల్ల నోటి దగ్గరి కూడు నేనే లాగేశాను, నేనే దిద్దుతాను అని ఒకటే ఏడుపు. కుర్చీలు అరువు తెచ్చుకోగా లేనిది, లేమి అరువు తెచ్చుకోలేరా అని కూడా అంది. నాకర్థం కాలేదు."

అప్పుడే వాన మొదలైంది. టీచరమ్మ గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయింది. సాయంత్రానికల్లా పక్క సందులోని పాత మేడ మెట్ల కింద తల పగిలి శవమై కనిపించింది. తూలి పడితే వీపు మీద గోళ్ళ గాట్లు పడవని డాక్టరు చెప్పాడట. చివరిసారి ఆమెను చూసింది దర్జీ, నలుగురిలో శాపనార్థాలు పెట్టింది దర్జీ. ఇన్‌స్పెక్టరు వచ్చి, ఊరు దాటొద్దని గట్టిగా చెప్పి వెళ్ళాడు.

"నన్ను తీసుకెళ్ళిపోతే నా పిల్లకెవరూ లేరమ్మా. హంతకురాలి కూతురికి మాఫీ ఎవరిస్తారు?" అంది.

సర్వేయరమ్మ కేసు తీసుకుంటున్నానని చెప్పింది. ప్లీడరు తన గొడుగు ఆవిడ చేతిలో పెట్టి పంపాడు. ఇక నీకేది అని సర్వేయరమ్మ అడిగితే నీళ్ళు నమిలాడు.

మొదట బడికి వెళ్ళారు. ప్రిన్సిపాల్ ఇస్త్రీ మడత నలగని మనిషి. చనిపోయిన టీచరమ్మ గురించి రెండు మంచి మాటలు చెప్పి, మిగతా సమయమంతా దాతల గురించే మాట్లాడాడు. బడి పేరు పేపర్లో పడితే వాళ్ళు నిధి ఆపేస్తారని బెంగ. నిన్న మధ్యాహ్నం ఆ దాతలతోనే తన గదిలో సమావేశంలో ఉన్నానని చెప్పాడు. కావాలంటే వాళ్ళనే అడగమన్నాడు.

హెడ్‌క్లర్కు ఆయనకి పూర్తిగా వేరు. మాటలో తేనె, మొహంలో దిగులు. టీచరమ్మ పేరెత్తగానే కళ్ళు తుడుచుకున్నాడు. ఎవరి ఇంటికి ఎప్పుడు వెళ్ళాలో ఏర్పాటు చేసేది అతనే. నిన్న ఆమె ఎక్కడికీ వెళ్ళాల్సిన పని లేదని, దర్జీ ఇంటికి ఎందుకు వెళ్ళిందో తనకు అంతుబట్టలేదని అన్నాడు. ఆ పాత మేడలో మాఫీ పొందిన కుటుంబం ఒకటుందనీ, టైర్ల పని చేసుకునే మనిషనీ, పాపం వాళ్ళు వారం నుంచీ ఊళ్ళో లేరనీ తనే చెప్పాడు. తాను మాత్రం నిన్న మధ్యాహ్నం నుంచి చీకటిపడేదాకా ఆ కుర్చీలోంచి లేవలేదట.

బయటికొచ్చేసరికి వాన మళ్ళీ దంచుతోంది. నిన్నటి నుంచి తెరిపి ఇచ్చింది తక్కువ. ప్లీడరు చేతులు ఖాళీగా ఉండటం చూసి హెడ్‌క్లర్కు తలుపు పక్క బకెట్లోంచి ఒక నల్ల గొడుగు తీసి అందించాడు. "నాదే, తీసుకెళ్ళండి. నాకింకోటుంది. మళ్ళీ తెచ్చివ్వాలని కూడా లేదు," అన్నాడు.

దారిలో ప్లీడరు ఆ మనిషి మంచితనాన్ని మెచ్చుకుంటూ నడిచాడు. ఒక్క విషయంలోనే అతనికి నవ్వొచ్చింది. నల్ల గొడుగుకి ఎర్రదారంతో కుట్లు వేయించుకున్నాడు, పిసినారి కాకపోతే నల్లదారం దొరకలేదా అన్నాడు. సర్వేయరమ్మ తలెత్తి ఆ కుట్టు చూసింది. గొడుగు జాగ్రత్తగా పెట్టుకో, ఎక్కడా మర్చిపోకు అని మాత్రం అంది. గొడుగు పోగొట్టుకునే అలవాటు తనకుంది కాబట్టి అందుకే అన్నదనుకున్నాడు ప్లీడరు.

పాత మేడ మెట్లు నిటారుగా, ఒక మనిషికే సరిపడేంత ఇరుకుగా ఉన్నాయి. కింద మెట్టు దగ్గర సిమెంటు కడిగినా మరక పోలేదు. ప్లీడరు కాలు పక్కకు వేసి ఎక్కాడు. ఇన్‌స్పెక్టరు పంపిన కానిస్టేబులు మొదటి అంతస్తులో టైర్ల మనిషిదన్న గది తాళం తీశాడు. పైన ఎవరో చెప్పులు కుట్టేవాడు కాబోలు, సుత్తితో కొడుతున్న చప్పుడు నెత్తిమీదే వినిపిస్తోంది.

గది చూసి ప్లీడరు మనసు కలుక్కుమంది. పెచ్చులూడిన గోడలు, నేల మీద చిరుగు చాప, దాని మీద పాత పుస్తకాలు. మూలన కిరోసిన్ పొయ్యి, సొట్టలు పడిన గిన్నెలు. గది మధ్యలో పైకప్పు మీద పెద్ద చెమ్మ మరక, సరిగ్గా దాని కింద కారే నీళ్ళు పట్టడానికి ఒక సత్తుగిన్నె. ఇంతకంటే లేమి ఏముంటుంది, ఇలాంటి వాళ్ళకి మాఫీ ఇచ్చి ఆ టీచరమ్మ పుణ్యం కట్టుకుంది అన్నాడు.

సర్వేయరమ్మ పొయ్యి వెనక గోడ మీద వేలు రాసి చూసుకుంది. వేలికి సున్నం తప్ప మసి అంటలేదు. తర్వాత గిన్నె దగ్గర గొంతుక్కూర్చుని లోపలికి చూసింది. గిన్నె పొడిగా ఉంది. లేచి, పైన సుత్తి చప్పుడు వింటూ కాసేపు అలాగే నిలబడింది.

అక్కణ్ణించి టైర్ల మనిషి కోసం వాకబు చేస్తూ బయల్దేరారు. ఊళ్ళో లేడన్నవాడు బజారు మధ్యలో తన దుకాణంలో బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. టైర్లు పైదాకా పేర్చిన పెద్ద దుకాణం, దాని మీద రెండంతస్తుల సొంత ఇల్లు. సర్వేయరమ్మ కొత్త టైరు కొనడానికి వచ్చినట్టు బేరాలాడి, మాటల మధ్యలో, ఈ వానకి మీ ఇల్లేమైనా కారుతోందా అని అడిగింది. మాదా, నిరుడు వేసిన స్లాబండీ, చుక్క దిగదు అన్నాడతను గర్వంగా. అలాంటప్పుడు మీ పాత మేడ గదిలో గిన్నె ఎవరికోసం పెట్టారు అందామె. మనిషి మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. సాయంత్రం బడికి రండి, మీరు రాకపోతే ఇన్‌స్పెక్టరే ఇక్కడికి వస్తాడని చెప్పి వచ్చేసింది.

సాయంత్రం ప్రిన్సిపాల్ గదిలో అందరూ చేరారు. ప్రిన్సిపాల్, హెడ్‌క్లర్కు, టైర్ల దుకాణం యజమాని ఒక పక్క. దర్జీ, ఆమె కూతురు ఒక పక్క. తలుపు దగ్గర ఇన్‌స్పెక్టరు. పిల్ల తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది. ప్లీడరుకు వాళ్ళవైపు చూడాలంటే కష్టంగా ఉంది.

సర్వేయరమ్మ గొంతు పెంచకుండా మొదలుపెట్టింది. తను చూసిన గదిలో ఎవరూ కాపురం లేరంది. రోజూ వండుకునే పొయ్యి వెనక గోడకి మసి పట్టకుండా ఉండదు. ఇక పైకప్పు సంగతి. నిన్నటి నుంచి వాన కురుస్తున్నా గిన్నెలో చుక్క నీరు లేదు, ఎందుకంటే ఆ గది మీద ఇంకో గది ఉంది. అక్కడ చెప్పులు కుట్టుకునేవాడు కాపురం ఉన్నాడు. వాన వాడి నెత్తిన పడాలి గానీ కింద గదిలో కారదు. చెమ్మ మరక ఎవరో టీ డికాషనుతో వేసింది.

"నా ఉద్యోగంలో ఎన్నో గదులు చూశాను," అందామె. "నిజంగా లేనివాళ్ళు చుట్టం వస్తున్నాడంటే ఉన్నది దులిపి, లేనిది అరువు తెచ్చి, పరువు కాపాడుకుంటారు. ఈ దర్జీ చేసింది అదే. ఆ గదిలో మాత్రం వచ్చేవాళ్ళకోసం ఎవరూ చాప కూడా సరిచెయ్యలేదు. పైగా దరిద్రాన్ని గది మధ్యలో పెట్టి చూపించారు. లేమి అంటే ఏమిటో తెలియనివాడు సర్దిన గది అది."

సర్దినవాడు మాత్రం ఒక్క సంగతి బాగా తెలిసినవాడని ఆమె చెప్పుకుపోయింది. గోడ, పైకప్పు, పొయ్యి, పడక. మార్కులున్న ప్రతి వస్తువూ ఆ గదిలో ఉంది, మార్కులు లేనిది ఒక్కటీ లేదు. తాగే నీళ్ళకి బిందె కూడా లేదు. కారే కప్పుకి ఎక్కువ మార్కులని చదివినవాడు పైన అంతస్తుందన్న మాట మరిచిపోయాడు. ఆ మార్కులు తెలిసినవాళ్ళు ఈ బడి ఆఫీసులోనే ఉన్నారు.

అప్పుడామె టైర్ల యజమాని వైపు తిరిగింది. అతను అప్పటికే చెమటలు కక్కుతున్నాడు. రెండు మాటల్లోనే బయటపడ్డాడు. ఫీజు కట్టలేక కాదు, కట్టకుండా గడిచే దారి ఉందని తెలిసి ఆశపడ్డాడు. కొంత సొమ్ము పుచ్చుకుని గది ఏర్పాటంతా చేసింది హెడ్‌క్లర్కే, ఇంకొందరికీ ఇలాగే చేశాడట. పోయినేడు టీచరమ్మ వచ్చిన రోజు తను, భార్య, కొడుకు పాత బట్టలు కట్టుకుని ఆ చాప మీద కూర్చున్నారు. ఈ ఏడు మళ్ళీ చూపించడానికి గది సర్దుతున్నానని హెడ్‌క్లర్కు నిన్ననే చెప్పాడట. హత్య సంగతి మాత్రం తనకు తెలియదని చేతులు జోడించాడు.

హెడ్‌క్లర్కు ఇంకా కుర్చీ మీద నిదానంగానే కూర్చుని ఉన్నాడు. తప్పు చేశాను, మోసం చేశాను, ఉద్యోగం తీసేయండి, కానీ నిన్న నేను ఈ గేటు దాటలేదు అన్నాడు.

సర్వేయరమ్మ ప్లీడరు వైపు చూసి, గొడుగు ఇటివ్వు అంది. దాన్ని తెరిచి దర్జీ ముందు పెట్టింది. ఆవిడ కుట్టు తడిమి చూసి, ఇది టీచరమ్మ గొడుగు, నిన్న నేను వేసిన కుట్టే ఇది అంది. నల్లదారం అయిపోతే, యూనిఫాం కాలర్లకని మిషనుకెక్కించిన ఎర్రదారం వాడానంది.

ప్లీడరు తన అరచెయ్యి చొక్కాకు తుడుచుకున్నాడు. పొద్దున్నుంచీ చచ్చిపోయినావిడ గొడుగు కింద తిరుగుతూ, దాన్ని ఇచ్చినవాడిని మెచ్చుకున్నాడు.

జరిగిందేమిటో సర్వేయరమ్మ నాలుగు ముక్కల్లో చెప్పింది. దర్జీ ఇంట్లో కళ్ళు తెరుచుకున్న టీచరమ్మ, తను మార్కులేసిన ఇళ్ళన్నీ మళ్ళీ చూడాలనుకుని దగ్గర్లో ఉన్న పాత మేడకే ముందు వెళ్ళింది. అక్కడ గది సర్దుతూ హెడ్‌క్లర్కు దొరికిపోయాడు. ఆమె ఇప్పుడే వెళ్ళి చెబుతానని మెట్లవైపు తిరిగింది, వెనక నుంచి తోశాడు. వాన రాకముందు వెళ్ళినవాడు కాబట్టి అతని దగ్గర గొడుగు లేదు. తడిసి బడికొస్తే ఎక్కడికెళ్ళావని అడుగుతారు. అందుకే ఆమెది తీసుకొచ్చాడు. నల్ల గొడుగులన్నీ ఒకలాగే ఉంటాయనుకుని బకెట్లో పడేశాడు, వదిలించుకునే అవకాశం రాగానే తనదేనని ప్లీడరుకు అంటగట్టాడు. ఆమె చనిపోవడానికి కాసేపటి ముందే దానికి కొత్త కుట్టు పడిందని అతనికెలా తెలుస్తుంది?

ఇన్‌స్పెక్టరు వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే హెడ్‌క్లర్కు లేచి నిలబడ్డాడు, అంతే. వెళ్తూ ఇన్‌స్పెక్టరు, రేపు పొద్దున అందరూ స్టేషనుకొచ్చి వాంగ్మూలం ఇవ్వాలని చెప్పాడు. నీకింక భయం లేదని దర్జీతో విడిగా అన్నాడు. ఆవిడ ఊపిరి పీల్చుకుని కూతుర్ని దగ్గరికి తీసుకుంది.

కేసు అయిపోయిందనుకుని ప్లీడరు లేవబోయాడు. ప్రిన్సిపాల్ వెళ్ళి తలుపు మూసి వచ్చాడు.

అతను దర్జీతో చాలా మర్యాదగా మాట్లాడాడు. హంతకుడు దొరికాడు, గొడుగు ఒక్కటే చాలు శిక్ష పడటానికి. ఇక్కడ సర్వేయరమ్మ చెప్పింది ఊహే, వాంగ్మూలంలో లేనిది కాగితం మీదికెక్కదు. గది సంగతి ఈ టైర్లాయన బయట చెప్పుకోడు. ఇక కుర్చీల సంగతి, టీచరమ్మ తప్పు తెలుసుకున్న సంగతి చెప్పగలిగింది దర్జీ ఒక్కతే. దొంగ మాఫీలని తెలిస్తే దాతలు రేపే నిధి మూసేస్తారు. అప్పుడు నష్టపోయేది ఈమె కూతురొక్కతే కాదు, నిజంగా లేని పిల్లలందరూ రోడ్డున పడతారు.

"టీచరమ్మ గొడుగు కుట్టించుకోవడానికి వచ్చిందని చెప్పండి చాలు," అన్నాడు. "అది అబద్ధం కూడా కాదు. అమ్మాయి చదువు పూర్తయ్యేదాకా ఒక్క పైసా కట్టక్కర్లేదు. మాట ఇస్తున్నాను."

దర్జీ సర్వేయరమ్మ వైపు చూసింది. సర్వేయరమ్మ, ఇది నేను చెప్పేది కాదమ్మా అంది. ఆ మాట అనడానికి ఆమె పడిన బాధ ప్లీడరుకు కనిపించింది. ఒప్పుకో అని అతనికే అరవాలనిపించింది. లా పరీక్ష పాసై ఉంటే ఏం చెప్పేవాడో గానీ, ఆ క్షణాన అతనికి ధర్మం కంటే ఆ పిల్ల పదో తరగతే ముఖ్యమనిపించింది.

"సరే సార్," అంది దర్జీ. "అలాగే చెబుతాను."

ప్రిన్సిపాల్ మొహం తేటపడింది. అప్పుడు పిల్ల మొదటిసారి నోరు విప్పింది.

"అమ్మా, టీచరమ్మ మనింట్లో ఏడ్చిందన్నావు కదా. ఎందుకు ఏడ్చింది?"

"నీకు అన్యాయం చేశానని."

"నాకొక్కదానికేనా, ఇంకెవరికైనా కూడానా?"

దర్జీ కూతురి మొహంలోకి చూసింది. ఆ తర్వాత లేచి, చేతులు కట్టుకుని ప్రిన్సిపాల్ ముందు నిలబడింది. బతిమాలుకుంటున్నట్టే ఉంది గొంతు. "క్షమించండి సార్. ఆవిడ దిద్దుతానని నాకు చెప్పి వెళ్ళింది. నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నేను కూడా చెప్పకపోతే ఆవిడ మాట ఎవరికీ తెలియకుండా పోతుంది."

మర్నాడు స్టేషనులో ఆమె అన్నీ చెప్పింది. ప్రిన్సిపాల్ భయపడ్డట్టే జరిగింది. పేపర్లో పడింది, దాతలు చేతులు దులుపుకున్నారు, నిధి మూతపడింది. దొంగ మాఫీలవాళ్ళు మర్నాడే ఫీజులు కట్టేసి పిల్లల్ని అదే బడిలో ఉంచుకున్నారు. టైర్లాయన కొడుకు కూడా ఉన్నాడు. కట్టలేనివాళ్ళు ఒక్కొక్కళ్ళుగా బయటికొచ్చేశారు. ఆ వార్త చదివిన రోజు సర్వేయరమ్మ పేపరు మడిచి పక్కన పెట్టి, హంతకుణ్ణి పట్టుకున్నాను గానీ వాళ్ళకేం మిగిల్చాను ప్లీడరూ అంది. అతను ఆమెను పొగడకుండా ఊరుకున్నది ఆ ఒక్కరోజే.

కూతురి పేరు బడి నుంచి తీయించుకోవడానికి దర్జీ వెళ్ళిన రోజున, తోడుగా ప్లీడరు కూడా వెళ్ళాడు. ఊరి చివర ఫీజు లేని బడిలో పదో తరగతిలో చోటు దొరికింది. పని పూర్తయి బయటికొస్తుంటే గేటు దగ్గర వాచ్‌మన్, మొహమాటపడుతూనే, పిల్ల మెళ్ళో బడి కార్డు తిరిగి ఇచ్చెయ్యాలని అన్నాడు. పిల్ల తనే తీసి అతని చేతిలో పెట్టి, వస్తాను, అన్నా అని చెప్పి ముందుకు నడిచింది. దర్జీ మాత్రం రోడ్డు మలుపు దాకా ఆ బడి వైపు తిరిగి తిరిగి చూస్తూనే ఉంది.